డ్రాయింగ్‌లో లేని చెట్లు: కమిషనర్ గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

నమస్కారం.

పాత కోర్టుకు వెళ్ళే రోడ్డులో జరగబోయే పనికి కొట్టేయాలని పోయిన నెల చెట్లకు ఎర్ర రంగుతో ఇంటూ గుర్తులు వేశారు. మొత్తం 23 చెట్లు. ఆ రోజు అక్కడే జీపు బానెట్ మీద పెద్ద కాగితం పరిచి ఒక ఇంజనీరు గారు సర్వేయరుకు ఏదో చూపిస్తుంటే నేనూ తొంగిచూశాను. శ్రద్ధగా గీసిన డ్రాయింగ్. మ్యాన్‌హోళ్ళు, కరెంటు స్తంభాలు, డివైడరు, బస్టాపు, వాన నీటి కాలువ అన్నీ ఉన్నాయి. "ఇందులో చెట్లేవి సార్?" అని అడిగాను. ఆయన విసుక్కోలేదు, మర్యాదగానే చెప్పారు. "చెట్లు డ్రాయింగ్‌లో ఉండవండీ. సైట్ క్లియరెన్స్ కింద వస్తాయి."

ఈ ఉత్తరం ఆ ఒక్క మాట గురించే.

సైట్ క్లియరెన్స్ అంటే ముళ్ళపొదలు, రాళ్ళగుట్టలు, కూలిన గోడల మొండాలు తీసేసే పద్దు. మా తాతల కాలంలో నాటిన నిద్రగన్నేరు చెట్లు కూడా ఆ పద్దులోకే వెళ్ళాయి. ఇలాంటి పనుల టెండరు కాగితాల్లో చెట్టు ప్రస్తావన వచ్చేది కూడా అక్కడే, చుట్టుకొలత ఇంతుంటే కొట్టడానికి రేటు ఇంత అని. చెట్టును ఉంచి పని చేయడానికి ఐటమూ లేదు, రేటూ లేదు. బిల్లు రాని పని కాంట్రాక్టరు ఎందుకు చేస్తాడు? అతన్ని తిట్టి లాభం లేదు.

తర్వాతి ఆదివారం టేపు పట్టుకెళ్ళి, గుర్తు పడిన చెట్టొకదాన్ని కొలిచాను. నా ఛాతీ ఎత్తులో చుట్టుకొలత 3 మీటర్ల 80 సెంటీమీటర్లు. అది మొక్కగా ఉన్నప్పుడు చుట్టూ పెట్టిన కంచె ఊచ ఒకటి ఇప్పుడు కాండంలో కూరుకుపోయి రెండు కొసలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. ఫ్లెక్సీలు కట్టడానికి కొట్టిన మేకులు పదకొండు లెక్కపెట్టాను. టైల్స్ సరిగ్గా మొదలు దాకా పరిచేసి సందుల్లో సిమెంటు పోశారు. ఒక మూల చెట్టు వాటిని పైకి లేపింది (నేనూ అక్కడ తట్టుకుని పడబోయినవాడినే, కాబట్టి అదేమంత సమస్య కాదని అనను). తీగలున్న వైపు కొమ్మలన్నీ నరికేయడంతో బరువంతా రెండో పక్కకు వాలింది. మూడేళ్ళ కిందట కేబుల్ వేయడానికి కాండానికి మీటరు దూరంలో నిలువునా గుంట తవ్వారు. ఆ తవ్వకం ఆనవాలు ఇప్పటికీ తారు మీద అతుకులా కనిపిస్తుంది.

ఇన్ని చేశాక దాని మీద "ప్రమాదకరం" అని రాశారు.

చెట్టు పైకి ఎంతుందో వేళ్ళు కిందికి అంత దిగి ఉంటాయని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నిజానికి నీళ్ళూ పోషకాలూ పీల్చే వేళ్ళలో ఎక్కువ భాగం పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. కొమ్మల నీడ దాటి పక్కలకు పాకుతాయి. బ్రిటన్‌లో నిర్మాణ పనుల దగ్గర చెట్లను కాపాడటానికి బీఎస్ 5837 అనే ప్రమాణం వాడతారు. దాని లెక్క ప్రకారం కాండం అడ్డుకొలతకు 12 రెట్ల దూరం వరకు నేలను కాపాడాలి. నేను కొలిచిన చెట్టుకు అది పద్నాలుగున్నర మీటర్లు. కేబుల్ గుంట వైపు మనం తవ్వకుండా మిగిల్చింది ఒక్క మీటరు.

రోడ్డు మీద అంత చోటు ఎక్కడ దొరుకుతుందని మీరు అడగొచ్చు. దొరకదు. అందుకే బ్రిటన్‌లో ఆ పరిధిలో జేసీబీ పెట్టకుండా చేత్తో తవ్వుతారు. లావు వేరు అడ్డం వస్తే దాన్ని తెంపకుండా దాని కింది నుంచి పైపు దూరుస్తారు. మొదలు చుట్టూ మట్టిని ఊపిరాడేలా వదులుతారు. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. మా రోడ్డు మీద సిమెంటు లేని ఆ మీటరైనా లేదు.

వేళ్ళు తెగిన చెట్టు మర్నాడే ఎండిపోదు, అదే చిక్కు. కొన్నేళ్ళు నిలబడే ఉంటుంది. ముందు పైకొసల్లో ఆకు పలచబడుతుంది, తర్వాత ఒక గాలివానకు పడిపోతుంది. అప్పటికి గుంట తవ్వించిన అధికారి బదిలీ అయిపోయి ఉంటారు. తప్పంతా గాలివాన ఖాతాలోకి పోతుంది.

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ సంగతి మీరు వినే ఉంటారు. అక్కడి కౌన్సిల్ 2012లో రోడ్ల నిర్వహణను 25 ఏళ్ళకు ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించింది. నగరంలో వీధి చెట్లు సుమారు 36,000 ఉంటే, వాటిలో 17,500 తీసి కొత్తవి పెట్టాలన్న లెక్క ఆ కాంట్రాక్టులోనే ఉంది. ఏ చెట్టు ఎలా ఉందో చూడకముందే సంఖ్య ఖాయమైపోయిందన్నమాట. బాగున్న చెట్లు కూడా ఫుట్‌పాత్ లేపాయనీ, కర్బు రాయిని (ఫుట్‌పాత్ అంచు రాయిని) జరిపాయనీ గొడ్డలికి గురయ్యాయి. 2016 నవంబర్‌లో ఒక వీధిలో తెల్లవారకముందే పోలీసులు తలుపులు కొట్టి, కార్లు తీయమని జనాన్ని నిద్రలేపి ఎనిమిది చెట్లు కొట్టించారు. అడ్డుపడిన వాళ్ళలో డెబ్బై ఏళ్ళు దాటిన ఇద్దరు ఆడవాళ్ళను అరెస్టు చేశారు. 2018 మార్చిలో ఈ పని ఆగేసరికి ఐదు వేలకు పైగా చెట్లు పోయాయి. ఆ తర్వాత కౌన్సిలూ ఉద్యమకారులూ కలిసి మిగిలినవాటిని చూస్తే, చాలావాటిని కొట్టనక్కరే లేదని తేలింది. కర్బు రాయిని పలచగా చెక్కడం, వేరు కదిలితే తనూ కదిలే మెత్తటి ఫుట్‌పాత్ వేయడం వంటివి సరిపోయాయి. 2023లో విచారణ నివేదిక వచ్చాక కౌన్సిల్ క్షమాపణ చెప్పింది. అప్పటికి కొట్టిన చెట్లెలాగూ లేవు.

అక్కడ పోరాటాలూ కోర్టులూ అన్నీ అయ్యాక దొరికిన పరిష్కారం ఒక మేస్త్రీ చేసే పని. మన దగ్గర దాన్ని ముందే చేయించలేమా?

మీ ప్రకటనలో కొట్టిన ఒక్కో చెట్టుకు పది మొక్కలు నాటుతామన్నారు. నాటండి, సంతోషం. కానీ లెక్క ఒకసారి చూడండి. కొమ్మలు 20 మీటర్ల వెడల్పు విప్పిన చెట్టు ఇచ్చే నీడకు మీటరు వెడల్పున్న మొక్కలు 400 కావాలి. అవన్నీ బతకాలి, అదే రోడ్డు మీద ఉండాలి. మీరు నాటబోయేది ఊరి బయట డంపింగ్ యార్డు పక్కన. కోర్టు బయట వాయిదా కోసం ఎండలో నిలబడేవాళ్ళకు అక్కడి నీడ ఎలా అందుతుంది? వేళ్ళతో సహా పెకలించి వేరేచోట పాతుతామన్న మాట మీద కూడా నాకు పెద్దగా నమ్మకం లేదు. ఈ వయసు చెట్టుకు అందులో వేళ్ళు చాలావరకు పోతాయి.

అన్ని చెట్లనూ ఉంచి తీరాలని నేను పట్టుబట్టడం లేదు. ఆ 23లో రెండిటి మొదలు పుచ్చిపోయినట్టు నా కంటికే కనిపిస్తోంది. స్కూలు గేటు ముందున్నదాన్ని తీసేయమంటే నేనేమీ అడ్డురాను. అయితే లోపల డొల్ల ఉన్నంత మాత్రాన చెట్టు పడిపోదు. చుట్టూ గట్టి కలప ఎంత మిగిలిందో కొలవడానికి పరికరాలున్నాయి, చూసి చెప్పగల మనుషులూ ఉన్నారు. అలా చూసి ఎవరు ఏం తేల్చారో, సంతకంతో ఆ చెట్టు దగ్గరే అంటించండి. ఇప్పుడున్న ఇంటూ గుర్తుకూ, "ప్రమాదకరం" అన్న మాటకూ కారణమూ లేదు, సంతకమూ లేదు.

సింగపూర్ 2001లోనే వారసత్వ చెట్ల జాబితా మొదలుపెట్టింది. అక్కడ చెట్ల రక్షణకు ప్రకటించిన ప్రాంతాల్లో మీటరు చుట్టుకొలత దాటిన చెట్టును అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. మనకూ అలాంటి జాబితా కావాలి. కానీ అది వచ్చేదాకా ఆగితే ఈ చెట్లు ఉండవు. కాబట్టి ఇప్పుడు నేను అడిగేది చాలా చిన్నది. స్తంభాన్ని చూపించినట్టే ప్రతి చెట్టునూ, దాని వేళ్ళ పరిధినీ డ్రాయింగ్‌లో చూపించమనండి. చెట్టును కాపాడే పనిని టెండరులో రేటుతో సహా ఒక ఐటమ్‌గా పెట్టించండి. కేబుల్‌కో పైపుకో తవ్వే అనుమతి ఇచ్చేటప్పుడు అదే డ్రాయింగ్ చూసి ఇవ్వమనండి.

టెండరు ఇంకా పిలవలేదని తెలిసింది. ఆ 23 చెట్ల చుట్టుకొలతలూ, ఏది ఏ నంబరు స్తంభానికి ఎన్ని మీటర్ల దూరంలో ఉందో రాసిన పట్టికా దీనికి జత చేస్తున్నాను. మీ ఇంజనీరు గారి డ్రాయింగ్ మీద 23 గుండ్రాలు గీయడానికి అది చాలు.

ఇట్లు,
ఇరవై ఏళ్ళుగా ఆ రోడ్డు మీద నడుస్తున్న ఒక నగరవాసి