పాత జీపు ఎందుకు మరిగిందంటే

ఎడిటర్ గారికి నమస్కారం.

పాత బండి ఇంజిన్ వేడెక్కుతోందంటే చాలామంది చేసే మొదటి పని థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని బట్టి నీళ్ల దారి తెరిచి మూసే వాల్వు) పీకి పారేయడం. మా డీజిల్ జీపుకీ ఓ మెకానిక్ అదే చేశాడు, డబ్బులు తీసుకున్నాడు, రావులపాలెం దాటకముందే టెంపరేచర్ మీటర్ ముల్లు మళ్లీ ఎర్రగీత మీదకొచ్చింది. టెన్షన్ మామూలుగా లేదు.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే ఒకటి తట్టింది: బజార్లో మెల్లగా వెళ్తుంటే బాగానే ఉంటోంది, హైవే ఎక్కి స్పీడందుకుంటేనే వేడి. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేడెక్కితే ఫ్యాన్‌నో వదులైన బెల్టునో అనుమానించాలి, స్పీడులో అయితే ముందు రేడియేటర్ (ఇంజిన్‌లో తిరిగే నీళ్లని గాలితో చల్లార్చేది) చూడాలి. చల్లారాక ఇంజిన్ వైపు నుంచి ముందుకి పైపుతో నీళ్లు కొడితే రెక్కల సందుల్లోంచి వరి పొట్టు, గడ్డి దుమ్ము, పురుగులు గుప్పెడు రాలాయి (కోతలప్పుడు కళ్లాల పక్కనుంచి తిరిగిన ఫలితం). లోపల తుప్పు బురద. తప్పు నాదే లెండి, మా సముద్రం వైపు బోరు నీళ్లు ఉప్పన, ఏళ్ల తరబడి అవే పోశాను.

అంతా కడిగించి, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం పోసి, కొత్త థర్మోస్టాట్ పెట్టించి, రబ్బరు పోయిన రేడియేటర్ మూత కూడా మార్చాను. మూత ఒత్తిడి నిలపకపోతే నీళ్లు 100 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, ఈ సంగతి ఎవరూ చెప్పరు. వేడి మీద మాత్రం ఆ మూత తిప్పకండి, ముఖం కాలుతుంది. ఇప్పుడు రాజమండ్రి వెళ్లొచ్చినా ముల్లు సగం దాటట్లేదు.

ఇవన్నీ చేశాక కూడా వేడెక్కి, ఇంజిన్ ఆయిల్ పాల టీ రంగులోకి మారిందంటే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోయి ఉండొచ్చు, బండి అక్కడే ఆపేయండి.

- ఒక పాఠకుడు, మలికిపురం