శ్రీశైలం బొమ్మలో అడుగులు కాదు, టీఎంసీలు గీయండి

సంపాదకులకు,

కృష్ణకు వరద మొదలైతే చాలు, శ్రీశైలం జలాశయం బొమ్మ పత్రికల్లో రోజూ వస్తుంది. గోడ, గోడ వెనక నీలం రంగు, పక్కన ఆనాటి నీటిమట్టం. అంకెలో తప్పుండదు. తప్పంతా నీలం రంగు ఎత్తులోనే ఉంటోంది.

పూర్తి మట్టం 885 అడుగులు. జలాశయం నుంచి రాయలసీమ కాలువలకు నీళ్లు మళ్లించే పోతిరెడ్డిపాడు తూములకు నీళ్లు సరిగా ఎక్కాలంటే కనీసం 854 అడుగులుండాలన్నది సీమలో అందరి నోళ్లలో నానిన లెక్క. 854ను 885తో భాగిస్తే 96.5 శాతం వస్తుంది. ఆ లెక్కన రంగు నింపితే డ్యామ్ అంచు దాకా నిండినట్టే ఉంటుంది. నిల్వ సంగతి వేరు. 885 దగ్గర 215.8 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు), 854 దగ్గర సుమారు 90. అంటే 42 శాతం. పది సెంటీమీటర్ల ఎత్తు తొట్టి గీసుకుంటే అడుగుల లెక్కన నీళ్లు 9.65 సెంటీమీటర్ల దాకా వస్తాయి, టీఎంసీల లెక్కన 4.2 దగ్గరే ఆగుతాయి. జలాశయం అదే, తేదీ కూడా అదే. మొదటి బొమ్మ చూసిన రైతు నారు పోసుకుంటాడు, రెండోది చూసినవాడు ఇంకో వారం ఆగుతాడు.

ఈ తేడాకు కారణాలు రెండు. అడుగులు కొలిచేది డ్యామ్ అడుగు నుంచి కాదు, సముద్రమట్టం నుంచి. డ్యామ్ మొత్తం ఎత్తే 885లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఇక నదీలోయ కింద ఇరుకు, పైకి పోయేకొద్దీ విశాలం. 885 దగ్గర ఒక్క అడుగు తగ్గితే 5 టీఎంసీలకు పైగా పోయినట్టు. 854 దగ్గర అదే ఒక్క అడుగు దాదాపు అందులో సగం. కాబట్టి అడుగులు అంకెగా వేయండి, రంగు మాత్రం టీఎంసీలను బట్టే నింపండి.

తుంగభద్ర బొమ్మకు ఇంకో చిక్కుంది. కట్టిన కొత్తలో 133 టీఎంసీలు పట్టేది, పూడిక వల్ల ఇప్పుడు లెక్కలో ఉన్నది 105.78. ‘నూరు శాతం నిండింది’ అని వేసిన బొమ్మ పాత లెక్కన 80 శాతానికి కూడా తక్కువే. తొట్టి అడుగున పూడికను మట్టి రంగులో చూపిస్తే ఎల్లెల్సీ (దిగువ కాలువ), హెచ్చెల్సీ (ఎగువ కాలువ) రైతులకు వేరే వివరణ అక్కర్లేదు.

బార్ గ్రాఫ్ సున్నా నుంచే మొదలవ్వాలని తరగతిలో చెబుతాం. ఆ సున్నాకు ‘ఏమీ లేదు’ అనే అర్థం ఉంటేనే ఆ నియమం పనికొస్తుంది. సముద్రమట్టపు సున్నా అలాంటిది కాదు. ధర విషయంలో సున్నా నిజంగా సున్నాయే, అక్కడేమో దాన్ని కోసేస్తారు. వేరుశనగ మద్దతు ధర చూడండి: క్వింటాలుకు 2023-24లో 6,377 రూపాయలు, 2024-25లో 6,783, 2025-26లో 7,263. నిలువు స్కేలును 6,000 దగ్గర మొదలుపెట్టి 20 రూపాయలకు ఒక మిల్లీమీటరు చొప్పున గీస్తే బార్లు 19, 39, 63 మిల్లీమీటర్లు వస్తాయి. రెండేళ్లలో ధర మూడింతలు దాటిందనిపిస్తుంది. సున్నా నుంచి, వంద రూపాయలకు ఒక మిల్లీమీటరు చొప్పున గీస్తే 64, 68, 73. అసలు పెరుగుదల 14 శాతం లోపే. ప్రచార ప్రకటనల్లో ఏ రకం గ్రాఫ్ కనబడుతుందో చెప్పనక్కర్లేదు.

పాఠకులకు చిన్న ఉపాయం. స్కేలు తీసుకుని పెద్ద బారు, చిన్న బారు కొలవండి. ఒకదాన్ని ఇంకోదానితో భాగించండి. కింద వేసిన అంకెలను కూడా అలాగే భాగించండి. రెండు జవాబులూ కలవకపోతే బొమ్మను వదిలేసి అంకెలే చదువుకోండి. పత్తికొండ టమాటా, కర్నూలు ఉల్లి ధరల్లాంటివి గీతగా గీస్తే సున్నా తప్పనిసరి కాదు. అక్కడ కన్ను చూసేది పొడవును కాదు, ఎత్తుపల్లాలను. ఎడమవైపు స్కేలు అంకెలు మాత్రం ఉండి తీరాలి. అదే గీతను ఎత్తు అలాగే ఉంచి రెండు కాలమ్‌ల వెడల్పు నుంచి ఒక కాలమ్‌కు కుదిస్తే ధర నిట్టనిలువుగా ఎగబాకినట్టవుతుంది.

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ 1984లో ఈ విషయాన్ని ప్రయోగాలతో పరిశీలించారు. ఒకే గీత మీద నిలబెట్టిన వాటిని జనం బాగా పోల్చగలరు. పొడవు, కోణం, వైశాల్యం, రంగు గాఢత అన్న వరుసలో అంచనా చెడుతూ పోతుంది. అందుకే గుండ్రటి బొమ్మను ముక్కలుగా కోసి చూపే ‘పై చార్టు’ (pie chart) కన్నా బార్లు మేలు. ఆ గుండ్రటి చార్టును పడుకోబెట్టి మందం ఇస్తే ముందువైపు ముక్క ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. దిగుబడి రెట్టింపైందని బస్తా బొమ్మను ఎత్తులోనూ వెడల్పులోనూ రెట్టింపు చేస్తే కాగితం మీద అది నాలుగింతల చోటు తింటుంది. ఒకే సైజు బస్తాలు రెండు పక్కపక్కన వేస్తే సరిపోయేదానికి అంత తిప్పలెందుకు?

వర్షపాతం మ్యాపుల్లో వాతావరణ శాఖ రంగులనే వాడుతున్నారు. సాధారణం కన్నా 19 శాతం తగ్గినా, 19 శాతం పెరిగినా ఆకుపచ్చే. 20 శాతం తగ్గితే ఎరుపు, 59 దాకా అదే ఎరుపు. 60, అంతకు మించి తగ్గితే పసుపు. అంటే ఎక్కువ ఎండిన జిల్లా తక్కువ ఎండిన జిల్లా కన్నా మెత్తగా కనిపిస్తోంది! 19, 20 శాతం లోటున్న పక్కపక్క జిల్లాలేమో పచ్చగా ఒకటి, ఎర్రగా ఇంకొకటి. లోటు పెరిగేకొద్దీ ఒకే రంగు ముదిరేలా వేసి, జిల్లా మధ్యలో శాతం, మిల్లీమీటర్లు రెండూ అచ్చువేస్తే ఈ గొడవే ఉండదు.

చివరగా ఒక మనవి. కర్నూలు జిల్లా సాగు విస్తీర్ణాన్ని పదేళ్ల గీతగా వేసినప్పుడు 2022 దగ్గర అమాంతం పడిపోతుంది. అది కరువు కాదు, ఆ ఏడాది ఏప్రిల్ 4న నంద్యాల విడిపోయింది. అనంతపురం, కడపల గీతలకూ ఇదే గతి. ఆ తేదీ దగ్గర గీతను తెంపి కొత్తది మొదలుపెట్టండి, లేదా రెండు జిల్లాల అంకెలు కూడి పాత ఎల్లలతోనే కొనసాగించి, ఆ మాట బొమ్మ కిందే రాయండి.

— గణాంకశాస్త్ర అధ్యాపకులు, కర్నూలు