బొమ్మలు ఉన్నంత మాత్రాన అది చదవడం కాకుండా పోతుందా?

సంపాదకుల గారికి,

నమస్కారం. ఈ తరం పిల్లలు పుస్తకం ముట్టుకోవడం లేదని, ఫోన్ తప్ప వేరే లోకమే తెలియదని మీ పత్రికలో ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. మా ఇంట్లో నాన్న ఆ పేజీని పైకి చదువుతారు, చదివి నా వైపు చూస్తారు. నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. ఈ ఏడాది ఇప్పటికి 40 పుస్తకాలు పూర్తి చేశాను. కానీ ఎవరైనా "ఏం చదువుతున్నావమ్మా" అని అడిగినప్పుడు నిజం చెబితే ఆ 40 లెక్కలోకి రావు, ఎందుకంటే అవన్నీ మాంగా, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకాలు.

కిందటి నెల లైబ్రరీ పీరియడ్‌లో నా చేతిలో 'ఎ సైలెంట్ వాయిస్' నాలుగో భాగం ఉంది. క్లాసు పుస్తకం మధ్యలో దాచుకుని కాదు, బల్ల మీద పెట్టుకునే చదువుతున్నాను. ఆ రోజు పర్యవేక్షణకు వచ్చిన మేడమ్ దాన్ని తీసుకుని రెండు పేజీలు గబగబా తిప్పి, "ఇందులో చదవడానికి ఏముంది, అన్నీ బొమ్మలేగా, నువ్వేమైనా ఒకటో తరగతా" అన్నారు. క్లాసంతా నవ్వింది. పుస్తకం స్టాఫ్ రూమ్‌కి వెళ్లిపోయింది, డైరీలో ఎర్ర సిరాతో ఒక వాక్యం, కింద అమ్మ సంతకం. తిట్లు తిన్నందుకు కాదు నాకు బాధ, ఆ పేజీల్లో ఏముందో ఆవిడ చూడనే లేదు, చూడకుండానే తేల్చేశారు.

ఆ కథ యోషితోకి ఓయిమా అనే రచయిత్రిది, 2013, 2014లో వారం వారం వచ్చింది, మొత్తం ఏడు భాగాలు. చెవులు వినిపించని ఒక అమ్మాయి కొత్తగా ఒక క్లాసులో చేరుతుంది. మాటలకు బదులు ఒక నోటుబుక్కు పెట్టుకుని, మీరు ఏమైనా చెప్పాలంటే ఇందులో రాయండి అని అందరినీ అడుగుతుంది. ఆమెను ఏడిపించేవాళ్లలో ముందుండే అబ్బాయి ఆమె చెవి మిషన్లు లాగి పారేస్తాడు, ఆ నోటుబుక్కుని నీళ్లలోకి విసిరేస్తాడు. విషయం పెద్దవాళ్ల దాకా వెళ్లాక క్లాసంతా తప్పు అతని ఒక్కడి మీదికే నెట్టేసి అతన్ని వెలేస్తుంది. కొన్నేళ్ల తర్వాత అతను సైగల భాష నేర్చుకుని, ఆ నోటుబుక్కు పట్టుకుని ఆమెను వెతుక్కుంటూ వెళ్తాడు.

హైస్కూల్లో అతను ఎవరి ముఖంలోకీ చూడలేడు. రచయిత్రి దాన్ని పేరాలు పేరాలు వివరించదు, అతని చుట్టూ ఉన్న ప్రతి ముఖం మీదా ఒక పెద్ద ఇంటూ గుర్తు గీస్తుంది. పేజీ తర్వాత పేజీ, నడిచే మనుషులు, నవ్వే మనుషులు, అందరి ముఖాల మీదా ఇంటూలే. ఒకరోజు ఒక కుర్రాడితో స్నేహం కుదురుతుంది, ఆ ముఖం మీది ఇంటూ అట్టముక్కలాగా ఊడి కింద పడుతుంది. ఒక్క అక్షరం లేకుండానే అది అర్థమైంది నాకు, అర్థమయ్యాక ముందుకు వెళ్లలేక ఆ గడి దగ్గరే ఆగిపోయాను. మా క్లాసులో చివరి బెంచీలో ఒక్కతే కూర్చునే అమ్మాయి ఉంది, ఏడాదిగా నోట్స్ అడగడానికి తప్ప నేను ఆమెతో మాట్లాడింది లేదు. మర్నాడు వెళ్లి పక్కన కూర్చున్నాను. తీరా చూస్తే తనూ బొమ్మలు గీస్తుంది, ముఖ్యంగా చేతులు, వేళ్లు నాకంటే చాలా బాగా గీస్తుంది (చేతులు గీయడం ఎంత కష్టమో గీసేవాళ్లని అడగండి). ఇప్పుడు మాకు ఒకరు లేకపోతే ఇంకొకరికి తోచదు.

ఇంకో పుస్తకం గురించి కూడా చెప్పనివ్వండి. మా సోషల్ పాఠంలో హిరోషిమా మీద అణుబాంబు వేసిన సంగతి రెండు లైన్లలో ఉంటుంది, తేదీ గుర్తు పెట్టుకుంటే ఒక మార్కు వస్తుంది. 'బేర్‌ఫుట్ జెన్' గీసిన నకజావా కేజీ ఆ రోజు, అంటే 1945 ఆగస్టు 6న, ఆరేళ్ల పిల్లవాడు, బడికి వచ్చి గేటు దగ్గర ఉన్నాడు, బడి కాంక్రీటు గోడ అడ్డుగా ఉండటం వల్ల బతికాడు. ఇంట్లో నాన్న, అక్క, తమ్ముడు కూలిన ఇంటి కింద చిక్కుకుని చనిపోయారు. పెద్దయ్యాక తను చూసిందాన్నే కథగా మార్చి 1973లో గీయడం మొదలుపెట్టాడు. అది చదివిన వారం నేను క్లాసులో సార్‌ని వరసగా ప్రశ్నలు అడిగాను, బాంబు పడ్డ రోజు బతికినవాళ్లు కూడా తర్వాత ఎందుకు చనిపోతూ వచ్చారు, రేడియేషన్ అంటే ఒంట్లో ఏం చేస్తుంది అని. సార్ మమ్మల్ని సైన్స్ మేడమ్ దగ్గరికి పంపారు, ఆవిడ ఓపిగ్గా అరగంట చెప్పారు. ఒక్క మార్కు పాఠం మీద అంత సేపు ఎవరూ కూర్చోలేదు అంతకుముందు.

'బేర్‌ఫుట్ జెన్' మొదట వచ్చింది కుర్రవాళ్ల కోసం నడిచే 'షోనెన్ జంప్' అనే వారపత్రికలో. 1968లో పుట్టిన ఆ పత్రిక 1990ల మధ్యలో ఒక దశలో ఒక్కో సంచిక 65 లక్షల ప్రతులు అమ్ముడైంది. మీరు పత్రిక నడిపేవాళ్లు కాబట్టి ఆ అంకె ఎంత పెద్దదో నాకంటే మీకే బాగా తెలుసు. అన్ని లక్షల మంది వారం వారం కాగితం మీద చదివినదాన్ని చదవడం కాదు అని ఎలా అంటాం?

ఇక గీయడం సంగతి. ఆ చివరి బెంచీ అమ్మాయి, నేను కలిసి 16 పేజీల మాంగా ఒకటి తెలుగులో చేస్తున్నాం. కథ నాది, బొమ్మలు చాలావరకు తనవి. ముందు పెన్సిల్‌తో చిత్తుగా ఏ గడిలో ఏం జరుగుతుందో వేసుకోవాలి, దీన్ని జపాన్‌లో 'నేమ్' అంటారు, ఆ తర్వాతే ఇంకు. మొదటి పేజీలోనే ఒక చిక్కు వచ్చి పడింది. జపనీస్ మాటలు నిలువుగా రాస్తారు కాబట్టి వాళ్ల మాటల బుడగలు పొడుగ్గా, సన్నగా ఉంటాయి. మేం అలాగే గీసుకుని తీరా మాటలు రాయబోతే తెలుగు అందులో పట్టదు. "వెళ్ళిపోతున్నావేమిటి" అనే ఒక్క మాటను సన్నటి బుడగలో మూడు ముక్కలు చేస్తే చదివేవాళ్లకి నోరు తిరగదు. బుడగ వెడల్పు చేస్తే పక్కనున్న ముఖం సగం కప్పేస్తుంది. పైగా వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి, వరుసల మధ్య చోటు వదలకపోతే పై వరుస వత్తు వచ్చి కింది వరుస గుడికి తగులుతుంది.

అప్పుడు తెలిసింది, మాటే తగ్గించాలని. "వెళ్తున్నావా" అని రాస్తే పట్టింది కానీ అందులో ఆశ్చర్యం పోయింది, "పోతున్నావా" అంటే కోపం వచ్చి చేరింది. మా పాత్రకి కోపం లేదు, దిగులు. రెండు రోజులు కొట్టుకుని చివరికి మా తెలుగు మాస్టారి దగ్గరికి వెళ్లాం. ఆయన బుడగ చూశారు, ముఖం చూశారు, "అమ్మాయి కళ్లలో దిగులు ఇప్పటికే ఉంది కదా, మళ్లీ మాటలో ఎందుకు, 'అప్పుడేనా?' అని రాయండి చాలు" అన్నారు. నాలుగు అక్షరాలు! బుడగలో హాయిగా కూర్చుంది. ఆ రోజు నుంచి ఇంటర్వెల్‌లో ఆయన మా పేజీలు అడిగి మరీ చూస్తున్నారు.

శబ్దాలు కూడా అంతే. గుండె కొట్టుకోవడానికి జపనీస్‌లో 'డోకి డోకి' అని రాస్తారు, మనకి 'దడదడ' ఉండనే ఉంది, గలగల, మిలమిల, చిటపట, వీటికి మన దగ్గర లోటే లేదు. నిశ్శబ్దానికి మాత్రం వాళ్లు 'షీన్' అని ఒక మాట వాడతారు, ఏ చప్పుడూ లేదనడానికి కూడా ఒక చప్పుడు! దానికి సరిపోయే తెలుగు మాట మాకు దొరకలేదు, అందుకని ఆ గడిలో ఖాళీ వరండా ఒక్కటే గీసి వదిలేశాం. జపాన్ పుస్తకం కుడి నుంచి ఎడమకి చదవాలి, మాది ఎడమ నుంచి కుడికి. ఇంగ్లీషులోకి మొదట్లో తెచ్చినప్పుడు చాలా పుస్తకాల్లో బొమ్మల్ని అద్దంలోలాగా తిప్పి అచ్చు వేశారట, దాంతో కుడిచేత్తో కత్తి దూసే వీరులంతా ఎడమచేతి వాళ్లయిపోయారు. మేం మొదటి నుంచీ తెలుగు కోసమే గీస్తున్నాం కాబట్టి ఆ బాధ లేదు.

పెద్దవాళ్ల భయాల్లో నిజం లేదని నేను అనను. అన్ని మాంగాలూ నా వయసుకి తగినవి కావు. జపాన్‌లోనే అబ్బాయిల కోసం షోనెన్, అమ్మాయిల కోసం షోజో, పెద్దవాళ్ల కోసం సేనెన్ అని వేరువేరుగా వస్తాయి, ఇంగ్లీషులో వచ్చే చాలా పుస్తకాల అట్ట వెనక వయసు కూడా వేస్తారు, అది చూడకుండా పిల్లల చేతికి ఇవ్వమని నేను అడగడం లేదు. అర్ధవార్షిక పరీక్షల ముందు రెండు రాత్రులు తెల్లవారే దాకా చదివి లెక్కల్లో మార్కులు పోగొట్టుకున్నాను, అది నా తప్పే. ఇప్పుడు పది దాటాక పుస్తకం అమ్మ దగ్గర ఉంటుంది, ఆ ఒప్పందం నేనే పెట్టుకున్నాను. ఎవరో స్కాన్ చేసి దొంగతనంగా పెట్టిన పేజీలు చదవడం కూడా మానేశాను, గీసేవాళ్ల చేతి కష్టం ఏమిటో మా 16 పేజీలతోనే తెలిసొచ్చింది.

నేను అడిగేది ఒక్కటే. లైబ్రరీ పీరియడ్ వారానికి ఒక్కసారి వస్తుంది. ఆ ఒక్క పీరియడ్‌లో వయసుకి తగిన మాంగా చదువుకోనివ్వండి, లైబ్రరీలో ఒక అర వాటికి ఇవ్వండి. ఏవి ఉంచాలో టీచర్లే చూసి ఎంచనివ్వండి, కానీ చూసి ఎంచాలి, అట్ట చూసి కాదు. జపాన్‌లోని క్యోటోలో ఒక పాత ప్రాథమిక పాఠశాల భవనాన్ని 2006లో మాంగా మ్యూజియం చేశారు. అక్కడ గోడల పొడవునా అరల్లో వేల పుస్తకాలు పెట్టి, ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుని బయట పచ్చిక మీద కూర్చుని చదువుకోవచ్చట. నేను అడిగేది ఒక్క అర.

మా మేడమ్ మీ పత్రిక చదువుతారని నాకు తెలుసు. మేడమ్, ఆ నాలుగో భాగం ఇంకా స్టాఫ్ రూమ్ బీరువాలోనే ఉంది. తిరిగి ఇచ్చే ముందు మీరొకసారి చదవండి. మొదటి మూడు భాగాలు లేకపోతే కథ అర్థం కాదు, అవి రేపు మీ బల్ల మీద పెడతాను. కుడి వైపు నుంచి మొదలుపెట్టాలి.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని