నాగార్జునుడికి మిగిలింది కట్టుకథలేనా?

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో బౌద్ధ తత్వవేత్త ఆచార్య నాగార్జునుడి మీద వచ్చిన వ్యాసం, దానికి జవాబుగా మొన్న మీరు వేసిన ఉత్తరం రెండూ చదివాను. ఊరుకుందామనే చూశాను గానీ నా వల్ల కాలేదు.

వ్యాసంలో సగం పేజీ అదృశ్య విద్యకే సరిపోయింది. నలుగురు కుర్రాళ్లు కంటికి కనబడకుండా అంతఃపురంలో దూరడం, ముగ్గురు కత్తికి బలవడం, నాగార్జునుడు రాజు పక్కనే నక్కి బతికిపోవడం! ఇదంతా బౌద్ధ గ్రంథాల అనువాదకుడు కుమారజీవుడి పేరుతో చైనా భాషలో ఉన్న నాగార్జునుడి జీవిత చరిత్రలోదని ఒక్క ముక్క రాస్తే ఏం పోయింది? ఆయన ముఖ్య గ్రంథం, 27 ప్రకరణాల మూలమధ్యమకకారికకు మాత్రం దక్కింది ఒకే వాక్యం: ‘అంతా శూన్యం, ఏమీ లేదన్నాడు’. అలా అనలేదు మహాప్రభో! ‘నీ లెక్కన ఏమీ లేనట్టేగా’ అని ఎదుటివాళ్లు వేసిన నిందకే 24వ ప్రకరణం జవాబు. ఒకదాన్ని ఆధారం చేసుకుని మరొకటి పుట్టడాన్నే శూన్యత అంటున్నామని ఆయన అక్కడే తేల్చాడు. మీ వ్యాసకర్త ఆ నిందను తీసుకెళ్లి ఆయన నోట్లోనే పెట్టారు.

ఇక ఉత్తరం రాసిన పెద్దమనిషి ‘జీవితాలతో పనేంటి, గ్రంథం చాలు’ అన్నారు. జర్మన్ తత్వవేత్త హైడెగర్ కూడా అరిస్టాటిల్ పుట్టాడు, పనిచేశాడు, పోయాడు, అంతే చాలన్నాడు. ఆ అన్నాయనే 1933లో నాజీ పార్టీలో చేరాడు. జీవితాన్ని పక్కన పెట్టమనడం అలాంటివాళ్లకి బాగానే కలిసొస్తుంది. డచ్ తత్వవేత్త స్పినోజాను 1656లో ఆమ్‌స్టర్‌డామ్ యూదు సమాజం వెలివేసింది. ఆలోచనా స్వేచ్ఛ కోసం 1670లో ఆయన రాసిన పుస్తకం పేరు లేకుండా అచ్చయింది. మూడేళ్లకి హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం పిలిచి ఆచార్య పదవి ఇస్తామంది. మతం జోలికి మాత్రం రావనే నమ్మకంతో అంది. వద్దన్నాడు. ఇదంతా తెలిసి చదివితే ఆ పుస్తకం వేరుగా వినిపించదూ?

మీ ఒక్కరినే అని ఏం లాభం లెండి. కాలేజీల్లో ఫిలాసఫీ గ్రూపులు ఒక్కొక్కటే మూతపడుతుంటే అడిగిన నాథుడు లేడు. లాంచీలో నాగార్జునకొండకి వెళ్తే గైడు బంగారం చేసే విద్య గురించి గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. అక్కడి పెద్ద బౌద్ధ స్తూపం మహాచైత్యం ఇక్ష్వాకు రాజు తోబుట్టువు చాంతిసిరి దానమని రాతి మీద చెక్కి ఉంటే, ఆ పేరే ఎత్తలేదు.

వచ్చే వారం శంకరాచార్యులట, ప్రకటన చూశాను. పరకాయ ప్రవేశానికి ఎన్ని కాలమ్‌లు కేటాయించారో తెలీదు. బ్రహ్మసూత్ర భాష్యానికి కనీసం ఒకటి ఉంచండి.

– ఒక విశ్రాంత అధ్యాపకుడు, గుంటూరు