ఇంజనీర్ ఇన్ చీఫ్ గారికి బహిరంగ లేఖ: ఏఐకి క్లాజు 59 తెలుసా?

అయ్యా, నమస్కారం.

ప్రభుత్వ పనుల్లో కాంట్రాక్టర్లు ఆలస్యానికి అడిగే అదనపు గడువు, డబ్బు క్లెయిములు పరిశీలించే పని ఏఐకి అప్పగించే ముందు, దానికి ఏ కాంట్రాక్టు చదివిస్తున్నారో ఒక్కసారి చూడండి.

విదేశీ ప్రాజెక్టుల్లో బాగా వాడేది ఫిడిక్ (అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజనీర్ల సమాఖ్య) వారి నమూనా కాంట్రాక్టు, రెడ్ బుక్. 1957లో బ్రిటిష్ నమూనా మీద తయారైంది. 1999లో, 2017లో తిరగరాశారు. సైటు అప్పగింత ఆలస్యమైతే, 1999 కూర్పు ప్రకారం కాంట్రాక్టరు 28 రోజుల్లో నోటీసిచ్చి గడువూ, ఖర్చూ రెండూ అడగొచ్చు. మన ప్రభుత్వ పనులకు నిబంధనల పుస్తకమైన ఏపీ డీటెయిల్డ్ స్టాండర్డ్ స్పెసిఫికేషన్ మద్రాసు రోజుల వారసత్వం. అందులోని క్లాజు 59 ప్రకారం, అక్కడ రాసిన మినహాయింపులు తప్ప, ఆలస్యానికి కారణమేదైనా పరిహారం అడగడానికి లేదు. చిన్న కాంట్రాక్టరుకు ఇది అన్యాయమనే నా అభిప్రాయం, అది వేరే సంగతి. ఈ క్లాజు మీద తగాదాలు హైకోర్టు దాకా వెళ్లాయి.

ఫిడిక్ గురించి నెట్‌లో కుప్పలు తెప్పలుగా ఉంది. దాన్ని చదివిన ఏఐ "ఖర్చు ఇవ్వాల్సిందే" అని ధీమాగా రాసేస్తుంది. ఏఈ గారు పని ఒత్తిడిలో సంతకం పెట్టేస్తే?

అందుకని సవరణలన్నీ కలిపిన మన స్పెసిఫికేషన్ అసలు పాఠాన్ని ముందు ఆన్‌లైన్లో పెట్టించండి. స్కాన్ కాపీ వద్దు. ఏఐ వాడిన ప్రతి ఫైలు మీద ఆ మాట రాయించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డీఈ