పార్శిల్ పోయిందని కాదు, నాకు కబురు చెప్పలేదని ఈ ఉత్తరం

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

మీ కొరియర్ కూకట్‌పల్లి బ్రాంచి నుంచి జర్మనీలో ఉన్న మా అబ్బాయికి రెండు జతల బూట్లు పంపాను. షోరూంలో కొన్నవి, బిల్లు నా దగ్గరే ఉంది. నకిలీవన్న అనుమానంతో అక్కడి కస్టమ్స్ ఆపి, చివరికి నాశనం చేసేసింది. అనుమానమొస్తే ఆపడం వాళ్ల పని. నా కోపం మీమీద.

యూరోపియన్ యూనియన్ 608/2013 చట్టం ప్రకారం, మూడు వస్తువులకు మించని చిన్న పార్శిల్‌ను ఇలా ఆపితే, కస్టమ్స్‌కు సరుకు వివరాల డిక్లరేషన్ వేసినవాళ్లకో సరుకు ఎవరి చేతిలో ఉంటే వాళ్లకో నోటీసు పంపుతారు. జవాబుకు 10 పనిదినాలు గడువు. పలక్కపోతే నాశనానికి ఒప్పుకున్నట్టే కస్టమ్స్ లెక్కేసుకోవచ్చు. అభ్యంతరం చెబితే మాత్రం బ్రాండు వాళ్లు గడువులోగా కోర్టుకెళ్లాలి, లేదంటే కస్టమ్స్ సరుకు వదిలేయాలి. పైగా బ్రాండు హక్కుదారు అనుమతితో తయారైన అసలు సరుకుకు ఆ చట్టమే వర్తించదు. నా బిల్లు పంపి ఒక్క మాట రాసుంటే సరిపోయేది.

డిక్లరేషన్ వేసింది మీరు. నోటీసు అందుకున్నదీ మీరే.

ఆ రోజుల్లో నేను ఎప్పుడు ఫోన్ చేసినా "క్లియరెన్స్‌లో ఉంది సార్" అన్నారు. బ్రాంచికెళితే టోల్‌ఫ్రీకి చేయమన్నారు, టోల్‌ఫ్రీ వాళ్లు బ్రాంచిలో అడగమన్నారు. "కస్టమ్స్ నుంచి కాగితమేమైనా వచ్చిందా అమ్మా?" అని నోరు తెరిచి అడిగాను. ఆ అమ్మాయి హోల్డ్‌లో పెట్టింది, కాసేపటికి లైన్ కట్టయింది. మెయిల్ పెడితే కొత్త టికెట్ నంబరు, దాంతో పాత టికెట్‌కు "మీ సమస్య పరిష్కారమైంది" అని మెసేజ్. నా సమస్య ఏమిటో ఒక్కరూ అడగలేదు. మా అబ్బాయి కస్టమ్స్ ఆఫీసులో కనుక్కున్నాకే మీకు నోటీసు పంపారని తెలిసింది. అప్పుడు నిలదీస్తే మీ సూపర్‌వైజర్ "వచ్చిందండీ, కానీ పంపినవాళ్లకు చెప్పే ప్రాసెస్ లేదు" అన్నాడు. డబ్బు కట్టింది నేను, ఫారంలో ఫోన్ నంబరు నాది, నాకు చెప్పే పద్ధతే లేదా?

మా అమ్మాయి అమెరికా వెళ్లినప్పటి నుంచి ఆవకాయైనా బట్టలైనా మీ దగ్గరే బుక్ చేశాను. వేరేచోట తక్కువకు అవుతుందన్నా వినలేదు.

ఆ నోటీసు కాపీ, అది ఎవరి టేబుల్ మీద ఆగిందో బాధ్యత గల అధికారి సంతకంతో రాతపూర్వక జవాబు, బూట్ల ధర, కొరియర్ చార్జీ నాకు కావాలి. మళ్లీ టికెట్ నంబరే వస్తే వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. కాల్ రికార్డింగులన్నీ దాచిపెట్టాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్