నల్లా వస్తుంది కదా సార్

మర్రిగూడ

బిడ్డా,

మొన్న నువ్వు క్యూబా సంగతి తీసినప్పుడు సిగ్నల్ లేదని ఫోన్ పెట్టేశాను గానీ, సిగ్నల్ బాగానే ఉంది. జవాబే తట్టలేదు.

"బడి, దవాఖానా ఫ్రీగా ఇస్తుంటే సర్కారును తిట్టే హక్కు లేకపోతే ఏం మునిగింది నాన్నా" అన్నావు. 1961లో వాళ్లు పిల్లల్ని సైతం ఊళ్లకు పంపి, ఏడాదిలో లక్షలమందికి చదవడం, రాయడం నేర్పించారు. బతుకంతా బడిపంతులుగా చేసినవాణ్ని, దాన్ని తక్కువ చేయను. 2003లో అక్కడే విలేకరులనీ, సర్కారును ఎదిరించి మాట్లాడినవాళ్లనీ 75 మందిని జైల్లో వేశారు. అదీ నిజమే. ఇంకోటి ఒప్పుకుంటాను. మీ చిన్నత్త నడుము వంగిపోతున్న రోజుల్లో ఎవరైనా వచ్చి "రోజుకు రెండు బిందెల మంచినీళ్లు పోస్తాం, నోరు మూసుకో" అని ఉంటే, కాగితం చదవకుండానే సంతకం పెట్టేవాణ్ని.

అట్లా ఎవరూ రాలేదు. మన బోరింగు నీళ్లు చూడ్డానికి తేటగా ఉండేవి. వాటిలో ఎముకల్నీ పళ్లనీ పాడుచేసే ఫ్లోరైడ్ మాత్రం కాస్తే పోయేది కాదు. నా క్లాసులో పిల్లలు నవ్వితే పళ్లమీద పసుపు గారలు, అందుకే చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. ఆఫీసు కాగితాల్లో మాత్రం ఊరికి బోరింగు ఉంది, అంటే నీళ్లున్నట్టే.

1996లో నల్లగొండ లోక్‌సభకు 480 మంది నిలబడ్డారు. చాలామంది గెలవడానికి కాదు, ఈ నీళ్ల గోస ఢిల్లీకి వినపడాలని. బ్యాలెట్‌ను పుస్తకంలా కుట్టి ఇచ్చారు. నాకు పోలింగ్ డ్యూటీ పడింది. ఒక ముసలమ్మ పేజీలు తిప్పీ తిప్పీ, "సారూ, ఇదేం పురాణం? నా గుర్తు ఏ పేజీల ఉంది?" అంది. నవ్వు ఆపుకోలేకపోయాను, చెప్పకూడదు కాబట్టి చెప్పనూ లేదు. సర్కారుకు ఆ గొంతు వినపడింది. ఆ ఏడాదే లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు! నీళ్లకు మాత్రం ఇంకా ఏళ్లు పట్టింది. అయినా ఆ 480 మందిని పోలీసులు ఎత్తుకుపోయి ఉంటే, మన ఊళ్ల పేర్లు బయట ఎవరికి తెలిసేవి?

ఇప్పుడు సర్కారు మిషన్ భగీరథ పథకం నల్లా వాకిట్లో ఉంది. మంచి పని, మెచ్చుకోవాల్సిందే. కానీ పోయిన ఏడాది గ్రామసభలో, మన పక్క గల్లీ తాత మూడు రోజులుగా నీళ్లు రావట్లేదని లేచి అడిగాడు. వేదిక మీద ఒకాయన, "పింఛన్ తీసుకుంటలేవా? మరి ఎందుకు మాట్లాడుతున్నవ్?" అన్నాడు. తాత కండువా దులుపుకుని కూర్చున్నాడు. మేమందరం నేల చూశాం. నేనూ చూశాను బిడ్డా, అదే నన్ను తినేస్తోంది.

తర్వాతి సభకు తాత రాలేదు. మొన్న వాకిట్లో కనిపిస్తే నీళ్ల సంగతి అడిగాను. "నల్లా వస్తుంది కదా సార్" అన్నాడు. వెనకాల ఆయన కోడలు పక్క వీధి నుంచి బిందె మోసుకొస్తోంది.

చిన్నత్త నిన్ను అడిగింది. ఫోన్ చెయ్యి.

మీ నాన్న